ఐదు టోర్నమెంట్లు గెలిచిన రూబిన్‌స్టీన్ వరల్డ్ ఛాంపియన్ ఎందుకు కాలేదు?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. చెస్ ఆటగాడు అకీబా రూబిన్‌స్టీన్ 1912లో ఒక్క ఏడాదిలోనే ఐదు టోర్నమెంట్లు గెలిచాడంటారు కదా, మరి వరల్డ్ ఛాంపియన్ ఎందుకు కాలేదన్నది ఒకటి. మనలాంటి మామూలు ఆటగాళ్లకి వందేళ్ల కిందటి ఆ ఆటలు చూస్తే ఏమైనా ఉపయోగమా అన్నది రెండోది. రెండోదానికి నా దగ్గర సొంత అనుభవం ఉంది, అదీ ఒక ఓటమి తాలూకు అనుభవం, కాబట్టి ముందు అదే చెప్తాను.

నేను పెద్ద ఆటగాణ్ణేం కాదు. ఉద్యోగం చేసుకుంటూ ఏడాదికి మూడు నాలుగు రేటింగ్ టోర్నమెంట్లు ఆడతాను, ఓపెనింగులు (ఆట మొదట్లో వేసే ఎత్తులు) బాగానే బట్టీ పడతాను, ఎండ్‌గేమ్ (కొన్ని పావులే మిగిలే చివరి భాగం) దాకా వస్తే మాత్రం దేవుడి మీద భారం. కొన్నేళ్ల కిందట విజయవాడలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగిన టోర్నమెంట్లో నాకు ఎదురుగా పన్నెండేళ్ల కుర్రాడు కూర్చున్నాడు. కాళ్లు నేలకి అందట్లేదు, వాళ్లమ్మ ఇచ్చిన బిస్కెట్ ప్యాకెట్ స్కోర్ షీట్ పక్కనే పెట్టుకున్నాడు. మూడు గంటలు ఆడాక ఇద్దరికీ చెరొక రూక్, సమానంగా బంట్లు మిగిలాయి. (చిన్నప్పుడు మా ఇంట్లో దాన్ని ఏనుగు అనేవాళ్లం, టోర్నమెంట్లు మొదలెట్టాక అందరితో పాటు రూక్ అనడం అలవాటైపోయింది.) నేను డ్రా అడిగాను. వాడు తల అడ్డంగా ఊపి బిస్కెట్ తిన్నాడు. అప్పటికే నావి రెండు బంట్లు విడివిడిగా, తోడు లేకుండా నిలబడి ఉన్నాయి, వాటిని కాపలా కాయడానికి నా రూక్ ఒకే చోట ఇరుక్కుపోయింది. వాడు తొందరపడకుండా రాజుని ఒక్కో గడి జరుపుకుంటూ వచ్చాడు. ఇంకో గంటన్నర తర్వాత షేక్ హ్యాండ్ ఇచ్చి లేచాను.

బయట టీ తాగుతుంటే, మాతో ఆడే పెద్దాయన ఒకరు నా స్కోర్ షీట్ చూసి "ఇది స్పీల్‌మన్, రూబిన్‌స్టీన్ ఆట కదయ్యా, నువ్వు స్పీల్‌మన్ వైపు కూర్చున్నావ్" అన్నారు. అప్పటిదాకా రూబిన్‌స్టీన్ అంటే నాకు తెలిసింది ఒక్కటే, ఓపెనింగ్ పుస్తకాల్లో అతని పేరుతో ఉండే వేరియేషన్లు.

ఆ రాత్రే ఆ ఆట వెతికి బోర్డు మీద పెట్టాను. సెయింట్ పీటర్స్‌బర్గ్, 1909. తెల్లపావులు స్పీల్‌మన్‌వి, నల్లవి రూబిన్‌స్టీన్‌వి. రూక్‌లు, బంట్లు మాత్రమే మిగిలాక చూస్తే బంట్ల లెక్కలో స్పీల్‌మన్ వెనకబడి లేడు. కానీ స్పీల్‌మన్ బంట్లలో ఒకటి ఏ3లో, ఇంకొకటి డి4లో ఒంటరిగా ఉన్నాయి (ఇవి గడుల పేర్లు, అక్షరం నిలువు వరసది, అంకె అడ్డ వరసది). రూబిన్‌స్టీన్ తన రూక్‌ని ఏ4లో పెట్టాడు, అక్కణ్ణుంచి అది కిందికి చూస్తే ఏ3 బంటు, పక్కకి చూస్తే డి4 బంటు. రెండింటినీ ఒకేసారి కాయాలంటే తెల్ల రూక్‌కి దొరికే మంచి చోటు డి3, అక్కడికే వెళ్లి కూర్చుంది. ఇక నల్ల రాజు బయల్దేరింది: ఇ7, ఇ6, డి5, కాసేపటికి సి4. మెరుపుల్లేవు, త్యాగాల్లేవు. స్పీల్‌మన్ అంటే దాడికి పేరున్న మనిషి, అలాంటివాడు ఎదురు కొట్టడానికి దారి లేక పావులు అటూ ఇటూ జరుపుకుంటూ కూర్చున్నాడు. నా ఆటలో జరిగింది అచ్చం ఇదే, కాకపోతే అక్కడ బిస్కెట్లు లేవు.

ఆ టోర్నమెంట్లోనే రూబిన్‌స్టీన్ అప్పటి వరల్డ్ ఛాంపియన్ లాస్కర్‌ని కూడా రూక్ ఎండ్‌గేమ్‌లోనే ఓడించాడు. చివరికి ఇద్దరూ 18 ఆటల్లో చెరి 14.5 పాయింట్లతో మొదటి స్థానం పంచుకున్నారు, తర్వాతి వాళ్లు 11 పాయింట్ల దగ్గర ఆగిపోయారు. అంటే మూడున్నర పాయింట్ల తేడా, ఇది మామూలు విషయం కాదు. తమాషా ఏమిటంటే, దుస్-హోతిమిర్‌స్కీ అనే ఆటగాడు పట్టికలో ఎక్కడో కింద ఉండి కూడా లాస్కర్‌నీ, రూబిన్‌స్టీన్‌నీ ఇద్దర్నీ ఓడించాడు. టోర్నమెంట్లు ఆడేవాళ్లకి ఇలాంటివి చదివితే కొంచెం ఊరట.

ఇక 1912 సంగతి. "ఐదు గెలిచాడు" అని ఒక్క ముక్కలో చెప్పేసరికి అంతా నల్లేరు మీద బండి నడకలా సాగిపోయిందనిపిస్తుంది. పట్టికలు విప్పి చూస్తే అలా ఉండదు. ఏడాది మొదట్లో స్పెయిన్‌లోని శాన్ సెబాస్టియన్‌లో రూబిన్‌స్టీన్‌కి 12.5, నిమ్జోవిచ్, స్పీల్‌మన్‌లకి చెరి 12. చివరి రౌండుకి ముందు నిమ్జోవిచ్చే అర పాయింటు ముందున్నాడు, ఆ రౌండులో వాళ్లిద్దరికే ఆట పడింది. టెన్షన్ ఎంత ఉందో ఆ ఆట చూస్తేనే తెలుస్తుంది, రెండెత్తుల్లో ఆటకట్టు అయ్యే చోట ఇద్దరూ చూసుకోకుండా వెళ్లిపోయారు! చివరికి రూబిన్‌స్టీన్ గెలిచాడు, అర పాయింటుతో టోర్నమెంటూ గెలిచాడు. ఆ ఆటలో ఇంకోలా జరిగి ఉంటే ఈ రోజు మీరు ఈ ప్రశ్నే అడిగేవారు కాదు.

తర్వాత పిస్త్యాన్ (ఇప్పుడు స్లొవేకియాలో ఉంది) టోర్నమెంట్ మాత్రం నిజంగా దున్నేశాడు, 17 ఆటల్లో 14, రెండో స్థానం కన్నా రెండున్నర పాయింట్లు ఎక్కువ. బ్రెస్లావ్‌లో దురాస్‌తో కలిసి మొదటి స్థానం, అంటే పూర్తిగా తనొక్కడిదే కాదు. వార్సాలోది చిన్న టోర్నమెంట్. విల్నాలో జరిగిన రష్యా మాస్టర్ల టోర్నమెంట్లో మళ్లీ మొదటి స్థానం. ఐదూ ఒక బరువువి కావు, కానీ ఏడాది పొడవునా ఊరూరా రైళ్లలో తిరుగుతూ ఇన్ని ఆటలాడి, ఎక్కడా మొదటి స్థానం నుంచి జారలేదు చూడండి, నాకు ఆశ్చర్యంగా ఉండేది అది. నేను మూడు రోజుల టోర్నమెంట్లో ఆదివారం మధ్యాహ్నానికే డీలా పడిపోతాను.

ఇంకో మాట కూడా చెప్పాలి, అభిమానులు సాధారణంగా దాటేసేది: ఈ ఐదింటిలోనూ లాస్కర్ లేడు, తర్వాత ఛాంపియన్ అయిన కాపబ్లాంకా లేడు. లాస్కర్ అయితే 1909 తర్వాత మళ్లీ 1914 దాకా పెద్ద టోర్నమెంటే ఆడలేదు. కాకపోతే అంతకుముందు ఏడాదే, 1911లో, శాన్ సెబాస్టియన్‌లో కాపబ్లాంకా టోర్నమెంట్ గెలిచినా అతను ఓడిన ఒకే ఒక్క ఆట రూబిన్‌స్టీన్ చేతిలోనే. కాబట్టి వాళ్లు లేరు కనక గెలిచాడు అనడం కూడా నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

మరి ఛాంపియన్ ఎందుకు కాలేదు? ఎందుకంటే అప్పట్లో టోర్నమెంట్ గెలవడానికీ టైటిల్‌కీ నేరుగా సంబంధం లేదు. ఇప్పుడైతే క్యాండిడేట్స్ టోర్నమెంట్ (ఛాంపియన్‌ని ఎవరు సవాలు చేయాలో తేల్చేది) గెలిచినవాడితో ఛాంపియన్ ఆడాలి, లేదంటే టైటిల్ వదులుకోవాలి. అప్పటికి ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) అనేదే లేదు, అది పుట్టిందే 1924లో. టైటిల్ ఛాంపియన్ సొంత ఆస్తిలాంటిది, ఎవరితో ఆడాలి, ఎంత డబ్బుకి ఆడాలి అన్నది అతనితో బేరం కుదరాలి, ఆ డబ్బు పెట్టేవాళ్లని సవాలు చేసేవాడే వెతుక్కోవాలి. మొహమాటస్తుడు, మాట తక్కువ మనిషి అయిన రూబిన్‌స్టీన్‌కి ఆ పని ఎంత కష్టమై ఉంటుందో ఊహించుకోండి. అయినా ఎలాగోలా 1914 చివర్లో లాస్కర్‌తో మ్యాచ్ అనుకున్నారు. ఆ వసంతంలో సెయింట్ పీటర్స్‌బర్గ్ టోర్నమెంట్లో రూబిన్‌స్టీన్ ఫైనల్‌కి వెళ్లిన ఐదుగురిలో కూడా లేకపోయాడు, లాస్కర్ గెలిచాడు. వేసవిలో యుద్ధం వచ్చింది. మ్యాచ్ జరగలేదు.

యుద్ధం తర్వాత కూడా అతను చిన్న ఆటగాడేం కాదు. 1922లో వియన్నాలో, తర్వాత ఛాంపియన్ అయిన అలెఖిన్ కన్నా ముందు నిలిచాడు, 1930 ఒలింపియాడ్‌లో మొదటి బోర్డు మీద 17కి 15 కొట్టి పోలండ్‌కి స్వర్ణం తెచ్చాడు. కానీ అప్పటికే మానసిక ఆరోగ్యం దెబ్బతింటూ వచ్చింది, 1930ల మొదట్లో టోర్నమెంట్లు మానేశాడు. 1961లో బెల్జియంలో పోయాడు.

అందరూ చూడమనేది రోత్లెవీతో 1907లో లోడ్జ్‌లో ఆడిన ఆట. క్వీన్‌ని వదిలేసి 25 ఎత్తుల్లో ముగించాడు, అద్భుతమే, కానీ దాన్ని చూసి నేను నేర్చుకున్నది సున్నా. నా ఆటల్లో అలాంటి పొజిషన్ ఇప్పటిదాకా రాలేదు. ఒంటరి బంట్లతో రూక్ ఎండ్‌గేమ్ మాత్రం రెండు టోర్నమెంట్లకోసారి వస్తూనే ఉంది. అందుకని మీరు స్పీల్‌మన్ ఆటతో మొదలెట్టండి. ఇంజిన్ (ఎత్తులు చెప్పే చెస్ ప్రోగ్రామ్) ఆపేసి, నిజం బోర్డు మీద పెట్టి చూడండి. నల్ల రాజు సి4కి చేరి, నల్లబంటు డి5కి వచ్చి, తెల్ల రాజు డి2కి జరిగిన చోట ఆగి, రూబిన్‌స్టీన్ తర్వాతి ఎత్తేంటో మీరే కనుక్కోండి. నేను రెండు రోజులు కూర్చున్నాను, చివరికి ఖాయం అనుకున్నది కూడా తప్పే.