నలభై దాటాక, గురువు లేకుండా ఆక్రిలిక్ పెయింటింగ్ వస్తుందా? ముఖాలు కూడా?

మీకు 42 ఏళ్ళు, ఉద్యోగం, ఊళ్ళో నేర్పేవాళ్ళు లేరు. ప్రకృతి దృశ్యాలు, మనుషుల ముఖాలు ఆక్రిలిక్‌తో వేయాలని ఉంది. వస్తుందా, ఏ బ్రాండ్ రంగులు కొనాలి అని అడిగారు.

వస్తుంది. నాకు వచ్చింది కాబట్టి ఎవరికైనా వస్తుంది. నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాసే గుమాస్తాను. 41వ ఏట మొదలుపెట్టాను, ఇప్పుడు 47. మా అమ్మాయి ఇంటర్ చదవడానికి హాస్టల్‌కు పోతూ 12 ట్యూబుల డబ్బా ఒకటి అటక మీద వదిలేసి పోయింది. అందులో సగం ఎండిపోయాయి. మిగిలిన సగంతో మొదలైంది ఈ పిచ్చి.

మొదటి ఏడాదంతా వీడియోలు చూసి పాడైపోయాను. అందరూ చూపించేది ఒకటే: మంచు కొండ, దాని కింద కొలను, కొలను పక్కన చెక్క ఇల్లు. గుబురు జుట్టు అమెరికా ఆయన ఒకాయన ఉంటాడు, అరగంటలో మబ్బులు, చెట్లు అన్నీ వేసేస్తాడు. నేనూ అట్లాగే తెల్లరంగు పూసి, దాని మీద నీలం కలుపుదామని కుంచె పెడితే, కింద తెలుపు అప్పటికే ఎండి కూర్చుంది. ఆకాశం మీద చీర అంచుల్లాగా చారలు పడ్డాయి. నాకు చేతకావడం లేదనుకుని మూడు నెలలు ఏడ్చాను. తర్వాత తెలిసింది, ఆయన వాడేది ఆయిల్ రంగులు. అవి రోజుల తరబడి తడిగా ఉంటాయి. మన ఆక్రిలిక్ నీళ్ళతో కలిపే రంగు, అందులో నీరు ఆవిరైతే మిగిలేది ప్లాస్టిక్ పొర. మే నెలలో, ఫ్యాను కింద, మా ఊళ్ళో ఐదు నిమిషాలు కూడా ఆగదు. ఈ ముక్క ఆ వీడియోల కింద ఒక్కరూ రాయరు.

ఇంకో నష్టం. లారీ లోడు లెక్క తేలడం లేదని మిల్లు నుంచి ఫోన్ వస్తే, కుంచె ప్లేటు మీద పెట్టి మాట్లాడటానికి పోయాను. ఇరవై నిమిషాల తర్వాత వస్తే అది కుంచె కాదు, పళ్ళు తోముకునే వేపపుల్ల. ఎండిన ఆక్రిలిక్ నీళ్ళకు కరగదు. అప్పటి నుంచి మిఠాయి డబ్బా ఒకటి పెట్టుకున్నాను. అడుగున తడిపిన టిష్యూ కాగితాలు, దాని మీద బటర్ పేపర్, దాని మీద రంగులు. మూత పెడితే మర్నాటి రాత్రి దాకా తడి ఆరదు. వందల రూపాయలకు ఇదే వస్తువు అమ్ముతారు, కొనకండి.

ప్రకృతి దృశ్యాల గురించి ఎక్కువ చెప్పను, మీ ఇంటి బయటికి పోయి చూడండి అంతే. నేను మంచు కొండలు మానేసింది బస్సులో. మిర్యాలగూడ నుంచి హాలియా దాకా సాగర్ ఎడమ కాలువ కింద వరి. ఎంత పచ్చ అంటే బొమ్మలో వేస్తే అబద్ధంలాగా కనిపిస్తుంది. అదే జిల్లాలో దేవరకొండ దగ్గర పడేసరికి ఎర్ర చల్కలు, గుండ్రాళ్ళ గుట్టలు, అక్కడొకటి అక్కడొకటి తాటిచెట్టు. రెండు గంటల ప్రయాణంలో రెండు దేశాలు. ఆ ఎర్ర నేలకు బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు), ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) చాలు. గుట్టల నీడకు నల్లరంగు పెట్టకండి, అల్ట్రామెరైన్ నీలంలో అదే బర్న్ట్ సియెన్నా కలిపితే సరిగ్గా మన రాయి రంగు వస్తుంది. పచ్చ ట్యూబు అసలు కొనకండి, నీలం పసుపు కలుపుకోండి. ఇక ఆకాశం అంటారా, ఎండాకాలంలో మన ఆకాశం నీలంగా ఉండదు. ఎప్పుడైనా మధ్యాహ్నం తలెత్తి చూశారా? సున్నం కొట్టిన గోడలాగా ఉంటుంది.

సరే, ముఖాలు. మీరు అసలు అడిగింది ఇదే అనుకుంటున్నాను, నేను రాద్దామని కూర్చున్నదీ ఇదే.

మా పెద్దమ్మ వాళ్ళది చందంపేట వైపు ఒక పల్లె. పెద్దనాయన పోయి ఏడాది కావస్తుంటే, సంవత్సరీకానికి గోడకు పెట్టడానికి బొమ్మ వేసియ్యమన్నారు. ఉన్న ఫోటోలు రెండు. ఆధార్ కార్డు మీదిది ఒకటి. మీకు తెలుసు కదా అది ఎట్లా ఉంటుందో, మనిషిని పిండిలో ముంచి తీసినట్టు. ఇంకొకటి ఎవరిదో పెళ్ళి ఫోటో, అందులో ఆయన ఒక చివర సగం తల. పోలిక ఆ కార్డులోంచి తీసుకున్నాను, స్కేలుతో గళ్ళు గీసి, 16 బై 20 అంగుళాల కాన్వాస్ మీదికి పెద్దది చేసి. రంగు మాత్రం జ్ఞాపకంలోంచే తేవాలి. ఆయన రోజంతా చల్కలో ఎండలో ఉన్న మనిషి.

ఇక్కడ ఒక కోపం. బజార్లో 'ఫ్లెష్ టింట్' అని ఒక ట్యూబు అమ్ముతారు. మనిషి తోలు రంగు అట. నల్గొండ జిల్లా మొత్తం వెతికినా ఆ రంగు మనిషి దొరకడు, పెళ్ళిలో మేకప్ వేసిన పెళ్ళికొడుకు తప్ప. నేను అది పక్కన పడేసి బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరైన్, కొంచెం ఎల్లో ఓకర్ కలిపి మొదలుపెట్టాను. వెలుగు పడ్డ చోట తెలుపు కలిపితే ముఖం సుద్దముక్కలాగా తేలిపోయింది. మూడుసార్లు తుడిచాను. చివరికి తెలుపు బదులు ఓకర్, ఒక చుక్క ఆరెంజ్ కలిపితే అప్పుడు నుదుటి మీద ఎండ పడ్డట్టు వచ్చింది. కళ్ళ తెలుపు కూడా తెలుపు కాదు, బూడిద రంగు. రాత్రి ఒంటిగంటకు చూస్తే పెద్దనాయనే. తృప్తిగా పడుకున్నాను.

పొద్దున లేచి చూస్తే ముఖం ఒక మెట్టు నల్లబడింది. ఆక్రిలిక్‌లో రంగును పట్టి ఉంచే జిగురు తడిగా ఉన్నప్పుడు పాలలాగా ఉంటుంది, ఎండితే గాజులాగా అయిపోతుంది. ఆ పాల తెలుపు పోయేసరికి రంగు ముదురుతుంది. ముదురు రంగుల్లో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అప్పటికి ఐదేళ్ళుగా వేస్తున్నాను, తెలియని సంగతి కాదు. బల్బు వెలుతురులో, నిద్రమత్తులో మర్చిపోయాను. మళ్ళీ పూయడానికి టైం లేదు, ఏడున్నరకు బస్సు.

అక్కడికి పోయి గోడకు ఆనించి పెట్టగానే మా అన్న, పెద్దమ్మ కొడుకు, హైదరాబాద్‌లో ఉంటాడు, మొహం అదోలా పెట్టాడు.

"ఏంది తమ్మీ, బాపును గిట్ల నల్లగ చేసినవ్? జర తెలుపు కలుపరాదు?"

నేను ఏమాత్రం తడుముకోకుండా, "బాపు రంగు ఇదే అన్నా. నువ్వు ఫ్లెక్సీలు చూసి చూసి మర్చిపోయినవ్" అన్నాను. చావుకు వేసిన ఫ్లెక్సీలో నిజంగానే ఆయన్ని గులాబీ రంగులోకి మార్చి, మెడ కింద ఎవరిదో కోటు తగిలించారు. ఆయన జన్మలో కోటు తొడగలేదు. ఆ పాయింటు దగ్గర అన్న కొంచెం తగ్గాడు.

ఇంతలో పెద్దమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. దగ్గరికి పోయి చూసింది, వెనక్కి జరిగి చూసింది. నాకు టెన్షన్.

"చెవు మీద బీడీ ఏది?" అంది.

"ఏం బీడీ పెద్దమ్మా?"

"సగం తాగి ఆర్పిన బీడీ ఎడమ చెవు మీద ఉంటుండె గద బిడ్డా. బర్రెల కాడికి పోయినా గంతే, పెండ్లికి పోయినా గంతే. అది లేకుంటే ఆయిన ఎట్లయితడు?"

అన్నకు కోపం వచ్చింది. "ఆ బీడీలతోటే దమ్ము పట్టి పోయిండు. మళ్ళ బొమ్మల గూడ పెట్టాల్నా?"

"పోయినంక ఎన్ని తాగితే ఏందిరా" అంది పెద్దమ్మ.

ఇంక ఎవరూ మాట్లాడలేదు. నేను సంచిలోంచి మిఠాయి డబ్బా తీశాను. బీడీ ఆకుకు ఓకర్, అంబర్ అనే ముదురు గోధుమ రంగు, కట్టిన దారానికి సన్న గులాబీ గీత, కొసకు బూడిద. పది నిమిషాల పని. చాయ్ తాగేలోపు ఎండిపోయింది, దండ కూడా వేశారు. ఆయిల్ అయితే ఆ రోజు దండ వేసే మాటే లేదు. ఆక్రిలిక్ తొందరగా ఎండుతుందని తిట్టేవాళ్ళకు ఈ సంగతి చెప్పండి.

రంగు గురించి పెద్దమ్మ ఆ రోజు ఒక్క మాట కూడా అనలేదు, తర్వాత కూడా అనలేదు. అంటే రంగు సరిగ్గా ఉన్నట్టే కదా. నేను అనుకున్న రంగే ఒక మెట్టు తెల్లన, ఎండి ముదిరింది సరైనది. ఈ సంగతి మా అన్నకు ఇంతవరకు చెప్పలేదు. ఆయన ఇట్లాంటివి చదవడు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆ బొమ్మ చూసి ఊళ్ళో ఇంకో నలుగురు అడిగారు. నలుగురిదీ ఒకటే షరతు, 'కొంచెం తెల్లగా'. ఇద్దరికి వేసిచ్చాను, వెయ్యకుండా ఉండాల్సింది. ఆ రెండూ ఎవరి ముఖాలో నాకు ఇప్పటికీ తెలియదు. పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన చిత్రకారుడు తోట వైకుంఠం గారు నల్లటి ఆడవాళ్ళను, ఆ ముదురు తోలు మీద నిండు బొట్టుతో వేస్తే దేశమంతా చూస్తుంది. మన ఇంటి గోడ మీదికి వచ్చేసరికి మాత్రం అందరం సున్నం అడుగుతాం. గురువు లేడని బాధపడుతున్నారు గానీ, ఉన్నా ఆయన కూడా మీకు మొదటి రోజు ఆ ఫ్లెష్ టింట్ ట్యూబే చేతిలో పెడతాడేమో. దాదాపు ఖాయంగా పెడతాడు.

మీరు మొదలుపెట్టినప్పుడు ఇంట్లో ముసలివాళ్ళను కూర్చోబెట్టి వెయ్యండి. ఫోటో తీసుకోవాల్సి వస్తే ఫోన్ మూతి దగ్గర పెట్టి తీయకండి, ముక్కు వంకాయంత వస్తుంది, చెవులు మాయమైపోతాయి. ఐదారడుగులు వెనక్కి పోయి, కొంచెం జూమ్ చేసి, కిటికీ పక్కన వెలుతురులో తీయండి. అందం పెంచే ఫిల్టరు ఆపేశారో లేదో చూసుకోండి, కొన్ని ఫోన్లలో అది దానంతట అదే ఆన్ అయి ఉంటుంది. మా పెద్దమ్మను కూడా ఎదురుగా కూర్చోబెట్టి వేద్దామని రెండుసార్లు పోయాను. పది నిమిషాలు కూర్చోదు. బర్రె అరిచిందని లేస్తుంది, పాలు పొంగుతున్నాయని లేస్తుంది. ఇప్పటికి ముక్కు, ఒక కన్ను అయ్యాయి.

అన్నట్టు బ్రాండ్ అడిగారు. నేను కామెల్ వాడతాను, ఇక్కడ దొరికేది అదే, మొదట్లో అది చాలు. మా బజార్లో ఆ ట్యూబులు, పిల్లల పోస్టర్ కలర్లు తప్ప ఏమీ పెట్టరు, మంచి కుంచెలకు హైదరాబాద్ పోవాల్సిందే. ఆరు ట్యూబులు చాలు, అన్నీ చిన్నవే తీసుకోండి. తెల్లరంగు ఒక్కటి మాత్రం పెద్ద ట్యూబు కొనండి. ముఖాలకు కాదు, మే నెల ఆకాశానికి.