ఇంటి చదువు: శుక్రవారం వచ్చే ఆ షీటు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి మీద ఉన్నాయి, చిన్న క్లాసుల పిల్లలకి వారానికోసారి ఇచ్చే ఇంటి పని గురించి. అందుకే మిగతావి వచ్చే నెలకి ఉంచి వీటికే జవాబులు రాస్తున్నా.

ప్రశ్న: టీచరమ్మ గారూ, మా పాప మూడో తరగతి. ప్రతి శుక్రవారం స్కూల్ వాట్సాప్ గ్రూపులో వీక్లీ యాక్టివిటీ అని ఒక షీట్ పెడతారు, తల్లిదండ్రులతో కలిసి చేయాలి అని ఉంటుంది. పోయిన వారం సౌర కుటుంబం మోడల్ అన్నారు. ఆదివారం రాత్రి పదకొండింటికి నేనూ మా ఆయనా కూర్చుని థర్మోకోల్ బంతులకి రంగులేశాం, పాప అప్పటికే నిద్రపోయింది. చేయకపోతే క్లాసులో చిన్నబోతుందేమోనని భయం. ఏం చేయమంటారు?
ఒక అమ్మ, కరీంనగర్

జవాబు: అమ్మా, మీ భయం నాకు అర్థమైంది, కానీ పాప పడుకున్నాక మీరు చేసినదాంట్లో పాపకి దక్కిందేమీ లేదు. ముప్పై ఏళ్ళు చిన్న క్లాసులకి చెప్పా నేను, సోమవారం పొద్దున బల్ల మీదకొచ్చిన మోడల్స్ చూడగానే ఏది ఎవరి చెయ్యో తెలిసిపోయేది. అంచులు నున్నగా కత్తిరించి ఉంటే పెద్దవాళ్ళది, గమ్ము వేలిముద్రలు పడి అట్ట ఒక పక్కకి ఒరిగి ఉంటే పిల్లలది. నాకు ఆ రెండోదే ముద్దొచ్చేది, ఎందుకంటే ఇది ఇక్కడెందుకు అతికించావే అని అడిగితే ఆ పిల్ల ఆపకుండా చెప్పేది, నున్నటిది తెచ్చిన పిల్లని అడిగితే డాడీ చేశారు మిస్ అని తల దించుకునేది. పాపం ఆ పిల్ల తప్పేముంది.

అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో జాయిస్ ఎప్స్టీన్ అనే ప్రొఫెసర్ ఇలాంటి ఇంటి పనికే ఒక పద్ధతి తయారు చేశారు, టిప్స్ అంటారు దాన్ని. అందులో నాకు నచ్చిందేంటంటే పని బాధ్యత మొత్తం పిల్లలదే, తల్లిదండ్రులు పాఠం చెప్పక్కర్లేదు, మోడల్ చేయక్కర్లేదు, పిల్లలు ఇంట్లోవాళ్ళని ఏదో అడుగుతారు, వాళ్ళకి ఏదో చూపిస్తారు, ఇంట్లోవాళ్ళు విని మాట్లాడి చివర్లో టీచర్‌కి రెండు ముక్కలు రాసి సంతకం పెడతారు, అంతే. ఇంకో సంగతి, డ్యూక్ యూనివర్సిటీలో హ్యారిస్ కూపర్, ఆయన తోటివాళ్ళు 2006లో హోంవర్క్ మీద అంతకుముందు పదిహేనేళ్ళకి పైగా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, హోంవర్క్‌కీ మార్కులకీ సంబంధం ఏడో తరగతి నుంచి పైకే బాగా కనిపించింది, చిన్న తరగతుల్లో చాలా తక్కువ. కాబట్టి ఒక్క మోడల్ ఇవ్వకపోతే పాప చదువు ఎక్కడికీ పోదు, నిశ్చింతగా ఉండండి.

మరి సౌర కుటుంబం అని మళ్ళీ వస్తే ఏం చేయాలంటారా, పాపని డాబా మీదకి తీసుకెళ్ళండి. అమావాస్య వెళ్ళిన మూడో రోజు నుంచి మొదలుపెట్టి రోజూ ఏడింటికి ఒకే చోట నిలబడి చందమామ ఎక్కడున్నాడు, ఎంతున్నాడు అని ఒక కాయితం మీద పాపే బొమ్మ వేయాలి. మొదటిరోజు పడమట సన్నగా గోరంత ఉంటాడు, ఎదురింటి వాటర్ ట్యాంకు పక్కన అనుకోండి, మర్నాడు అదే టైముకి చూస్తే ఆ ట్యాంకు పక్కన ఉండడు, పైకొచ్చి ఉంటాడు, అష్టమి నాటికి సగమై దాదాపు నడినెత్తికొస్తాడు. రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు కాబట్టి అలా అవుతుంది, కానీ అది మీరు ముందే చెప్పకండి. నిన్న ఇక్కడున్నాడు కదా ఇవాళ అక్కడికెందుకెళ్ళాడమ్మా అని పాప నోటి నుంచి వచ్చేదాకా ఆగండి. ఆ ప్రశ్నని మీరు షీట్ వెనకాల రాసి పంపండి, మోడల్ చేయలేదు కానీ మా పాప ఇది గమనించింది మిస్ అని. బాగా చదువు చెప్పే టీచరైతే ఆ కాయితాన్ని క్లాసులో చూపిస్తుంది.

ప్రశ్న: మేడం గారూ, నాది టిఫిన్ బండి. ఏడో తరగతితో ఆపేశాను, మా ఆవిడ అదీ లేదు. బాబు నాలుగో తరగతి ఇంగ్లీషు మీడియం. వారం వారం ఇంట్లో పెద్దవాళ్ళతో చేయించండి అని రాసి పంపుతారు, మాకు అర్థం కాదు, వాడేమో మీకేం తెలీదు అంటున్నాడు. ట్యూషన్ పెట్టమంటారా?
ఒక తండ్రి, రాజమండ్రి

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీకేం తెలీదు అని వాడన్న మాట దగ్గర నాకు చాలా బాధేసింది. నాలుగో తరగతికి ట్యూషన్ వద్దు, ఆ డబ్బు మిగుల్చుకోండి. వాడి పుస్తకంలో ఉన్న లెక్కలు, సైన్సు సగం మీ బండి మీదే ఉన్నాయి, అది వాడికి కనబడేలా చేస్తే చాలు.

రాత్రి ఇడ్లీ పిండి కలిపేటప్పుడు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక గ్లాసు మినప్పప్పుకి ఎన్ని గ్లాసుల రవ్వ వేస్తారో, నాలుగు గ్లాసుల పప్పుకి ఎంత వేయాలో వాణ్ణే చెప్పమనండి, అదే వాడి పుస్తకంలో ఉండే గుణకారం. తర్వాత కొంచెం పిండి లోపలిది బయటికి కనబడే ప్లాస్టిక్ డబ్బాలో సగం దాకా పోసి, పిండి ఉన్నచోట డబ్బా చుట్టూ రబ్బరు బ్యాండు వేయించండి. పొద్దున లేవగానే వాడే చూడాలి, రబ్బరు బ్యాండుకి ఎన్ని వేళ్ళ పైకొచ్చిందో, పైన బుడగలు ఉన్నాయో లేదో, వాసన మారిందో లేదో. ఇంకో రోజు అదే పిండి ఒక డబ్బా ఫ్రిజ్‌లో, ఒకటి బయట పెట్టి చూడమనండి. ఫ్రిజ్‌లోది ఎందుకు పొంగలేదు నాన్నా అంటాడు. చలికాలం పిండి ఆలస్యంగా పులుస్తుందని, వేసవిలో కొంచెం ఆలస్యమైతే పుల్లబడి పాడైపోతుందని మీకు ఎన్నేళ్ళుగానో తెలుసు, అది చెప్పండి. దాని వెనకాల కంటికి కనబడని సూక్ష్మజీవులు ఉంటాయని, వెచ్చగా ఉంటే అవి గబగబా పెరిగి గాలి వదులుతాయని వాళ్ళ మిస్ చెప్తుంది. మీరు చెప్పింది, ఆవిడ చెప్పింది రెండూ ఒకటే అని వాడికి తెలిసిన రోజు మీకేం తెలీదు అనే మాట వాడి నోటెంట రాదు, చూడండి.

వాళ్ళ అమ్మగారిని కూడా వదలొద్దు. గిద్ద, సోల, తవ్వ, మానిక మీ ఇంట్లో ఏది ఉంటే అది తీయమనండి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, మరి మానికకి ఎన్ని గిద్దలు అని బియ్యం పోసి కొలిచి చూడమనండి. పదహారు అని నోటితో చెప్పడం వేరు, గిద్దతో పదహారుసార్లు పోసి మానిక నిండటం చూడటం వేరు.

ఇదంతా తెలుగులోనే మాట్లాడుకోండి, ఇంగ్లీషు రాదే అని మొహమాటం వద్దు. విషయం ఇంటి భాషలో బుర్రకెక్కితే దాన్ని ఇంగ్లీషులో రాయడం వాడికి తేలికవుతుంది. నోట్‌బుక్‌లో వాడికొచ్చిన ఇంగ్లీషులో మూడు వాక్యాలు వాడే రాస్తాడు, తప్పులుంటే మిస్ దిద్దుతుంది. మీరు కింద తెలుగులో సంతకం పెట్టండి.

ప్రశ్న: మా మనవడు ఒకటో తరగతి. రోజూ రెండు పేజీలు రాత, శని ఆదివారాలకి ఆరు పేజీలు. వేళ్ళు నొప్పని ఏడుస్తున్నాడు. మా కోడలు స్కూల్లో అడగడానికి జంకుతోంది.
ఒక నానమ్మ, ఒంగోలు

జవాబు: అక్కయ్య గారూ, అడగండి, అడిగే హక్కు మీకుంది. కేంద్ర విద్యాశాఖ 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీలో రెండో తరగతి దాకా హోంవర్క్ వద్దనే ఉంది, మూడు నుంచి ఐదు దాకా వారం మొత్తానికి రెండు గంటలు దాటకూడదని ఉంది. రోజుకి కాదు, వారానికి. అంతకుముందు 2018లోనే మద్రాసు హైకోర్టు కూడా ఒకటి, రెండు తరగతులకి హోంవర్క్ ఇవ్వొద్దని చెప్పింది. కోడలు ఒక్కతే వెళ్ళక్కర్లేదు, అదే క్లాసు అమ్మలు ముగ్గురు నలుగురు కలిసి హెడ్మాస్టరు గారిని కలిస్తే మంచిది, గొడవకి వెళ్ళినట్టు కాకుండా పిల్లాడి నోట్‌బుక్ చేతికిచ్చి చూడమనండి, ఆరో పేజీలో అక్షరాలు ఎలా వంకరపోయాయో ఆయనకే కనబడుతుంది.

ఈలోపు ఆ వేళ్ళకి బలం రావాలంటే పెన్సిల్ ఒక్కటే దారి కాదు. వాకిట్లో మీరు ముగ్గేసేటప్పుడు చుక్కలు వాడితో పెట్టించండి. ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగొచ్చేదాకా. నాలుగు, ఐదు, ఆరు, ఏడు, మళ్ళీ ఆరు, ఐదు, నాలుగు, మొత్తం లెక్కపెడితే 37 రావాలి, రాకపోతే ఎక్కడ పోయిందో వెతుక్కుంటాడు. మూడు వేళ్ళ మధ్య పిండి పట్టుకుని వదలడం పెన్సిల్ పట్టుకోవడానికి చాలా సాయం చేస్తుంది.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. బాబు సెకండ్ గ్రేడ్, సోమవారం ప్యాకెట్ ఇచ్చి శుక్రవారం తిరిగి ఇవ్వమంటారు, రోజూ 20 నిమిషాలు చదివి రాయాలి. తెలుగు చదివితే లెక్కలోకి వస్తుందా?

జవాబు: మీ టీచర్‌ని ఒక్క మెయిల్‌లో అడగండమ్మా, ఇంటి భాషలో చదివినా సరే అనే టీచర్లు చాలామంది ఉంటారు. వారంలో రెండు రోజులు తెలుగు పెట్టుకోండి. మనబడి లాంటి వారాంతపు క్లాసులు అక్కడ 2007 నుంచి నడుస్తున్నాయి, దానికి వెళ్తుంటే ఆ పాఠమే చదవొచ్చు. బాబుకి ఇంకా చదవడం రాకపోతే వీడియో కాల్‌లో అమ్మమ్మతో ఒక పొడుపు కథ వేయించండి, తోకలేని పిట్ట తొంభై ఆమడలు పోతుంది, ఏంటది అని. ఉత్తరం అని చెప్పాక, అసలు ఉత్తరం అంటే ఏంటో చెప్పాల్సి వస్తుంది కదా, ఆ కబుర్లకే 20 నిమిషాలు అయిపోతాయి.

ప్రశ్న: మేడం, పల్లెటూళ్ళో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పని చేస్తున్నాను. వారానికో ఇంటి యాక్టివిటీ ఇద్దామని ఉంది కానీ మా పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది మిరపకోతలకి వెళ్ళిపోతారు, నెలలు నెలలు పిల్లలు ముసలివాళ్ళ దగ్గర ఉంటారు. ఇవ్వొచ్చా?
ఒక టీచర్, ప్రకాశం జిల్లా

జవాబు: ఇవ్వండి టీచరు గారూ, తప్పకుండా ఇవ్వండి, కానీ మీ అమ్మానాన్నని అడిగి రండి అని మాత్రం అనకండి. ఆ ఒక్క మాటకి మూలకి కూర్చునే పిల్లలు మీ క్లాసులో ఎంతమంది ఉంటారో మీకు నాకంటే బాగా తెలుసు. మీకు తెలిసిన ఒక పెద్దమనిషిని అడగండి అనండి, తాత కావచ్చు, పక్కింటి పిన్ని కావచ్చు, మధ్యాహ్నం బడిలో వండి పెట్టే ఆయమ్మ కావచ్చు. రూపాయి పెట్టి కొనాల్సింది ఏదీ అడగొద్దు, చార్టు కూడా.

వారానికి ఒక్కటే ఇవ్వండి. ఒక వారం అష్టాచెమ్మా. నేల మీద సుద్దతో అడ్డానికి ఐదు నిలువుకి ఐదు గళ్ళు, నాలుగు గవ్వలు, గవ్వలు లేకపోతే చింతపిక్కలు సగానికి అరగదీస్తే సరిపోతాయి. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా నాలుగు, నాలుగూ బోర్లా పడితే అష్టా ఎనిమిది. ఇరవైసార్లు వేసి ఏది ఎన్నిసార్లు పడిందో గీతలు గీసుకు రమ్మనండి, ఎనిమిది ఎందుకు అరుదుగా పడుతుందో ఐదో తరగతి వాళ్ళు మాట్లాడుకోనివ్వండి. ఇంకో వారం, మీ చిన్నప్పుడు ఈ ఊళ్ళో నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకునేవాళ్ళు అని అడిగి రమ్మనండి. ఒకడు ఊరబావి అంటాడు, ఒకడు చెరువు అంటాడు, రెండూ బోర్డు మీద బొమ్మలో పెట్టించండి, పరిసరాల విజ్ఞానం పాఠం అక్కడే మొదలైపోతుంది.

సోమవారం మొదటి పీరియడ్‌లో పావుగంట దానికే ఉంచండి. అందరూ గుండ్రంగా కూర్చుని ఏం విన్నారో చెప్పాలి, రాసుకొచ్చినవాళ్ళూ రాయనివాళ్ళూ సమానమే. తీసుకురాని పిల్ల ఉంటే నిలబెట్టకండి, ఆ పిల్లకి మీరే పెద్దమనిషై మీ ఊళ్ళో నీళ్ళ సంగతి చెప్పండి, అది రాసుకుంటుంది.