టెక్ సందేహాలు: రిలే టకటకా కొట్టుకుంటోందా? సెన్సర్‌ను తిట్టకండి

ప్రశ్న: ఆర్డుయినో ఊనో బోర్డు, డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్, హీటర్‌ను ఆన్-ఆఫ్ చేసే రిలే మాడ్యూల్‌తో రూమ్ హీటర్‌కి సొంతంగా థర్మోస్టాట్ చేశాను. 24 డిగ్రీలకు సెట్ చేస్తే, అక్కడికి చేరగానే రిలే టకటకా కొట్టుకుంటోంది. మధ్యమధ్యలో 85 డిగ్రీలని చూపిస్తోంది. సెన్సర్ మార్చాలా?

జవాబు: అక్కర్లేదు. అతి సూక్ష్మంగా కొలిచే 12 బిట్ల మోడ్‌లో ఈ సెన్సర్ 0.0625 డిగ్రీ తేడాను కూడా చూపిస్తుంది. మీ కోడ్‌లో '24 కంటే తక్కువైతే ఆన్, లేకపోతే ఆఫ్' అన్న ఒక్క షరతే ఉండి ఉంటుంది. రీడింగ్ ఆ గీతకు అటూ ఇటూ ఊగితే రిలే కూడా ఊగుతుంది. రెండు హద్దులు పెట్టండి: 23.5 కంటే తగ్గితే ఆన్, 24.5 దాటితే ఆఫ్, మధ్యలో ఉంటే ఉన్న స్థితిని కదపొద్దు. హిస్టెరిసిస్ అంటే ఇదే. పీఐడీ (తేడాను బట్టి వేడిని కొద్దికొద్దిగా సర్దే పద్ధతి) పెట్టమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. రిలేతో నడిచే గది హీటర్‌కి ఆ టెన్షన్ దండగ.

ఇక 85. పవర్ రాగానే సెన్సర్ రిజిస్టర్‌లో ఉండే విలువ అది. కొలత పూర్తవడానికి 12 బిట్లలో 750 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. అంతకుముందే చదివినా, మధ్యలో 5 వోల్టుల సప్లై కుంగి సెన్సర్ రీసెట్ అయినా 85 వస్తుంది. రిలే ఆన్ అయినప్పుడే వస్తోందేమో గమనించండి. అదే అయితే రిలే కాయిల్‌కి వేరే 5 వోల్టుల సప్లై ఇవ్వండి. డేటా లైన్‌కి 4.7 కిలో ఓమ్‌ల పుల్-అప్ రెసిస్టర్ (లైన్‌ను సప్లై వోల్టేజీ వైపు లాగి ఉంచేది) ఉందో లేదో కూడా చూడండి.

మీరు అడగకపోయినా అసలు భయపడాల్సింది మైనస్ 127కి. సెన్సర్ వైరు ఊడితే, దాన్ని చదవడానికి కోడ్‌లో వాడే డల్లాస్ టెంపరేచర్ లైబ్రరీ ఇచ్చే విలువ అది. మీ కోడ్ దాన్ని నమ్మి, గది గడ్డకట్టిపోతోందనుకుని హీటర్‌ను ఆన్‌లోనే ఉంచేస్తుంది. గదిలో ఉండే అవకాశం లేని రీడింగ్ ఏది వచ్చినా హీటర్ ఆఫ్ అవ్వాలి. బోర్డు హ్యాంగ్ అయితే రీసెట్ చేయడానికి వాచ్‌డాగ్ టైమర్ ఆన్ చేయండి.

అయినా రిలే కాంటాక్టులు కాలి అతుక్కుపోతే కోడ్ చేయగలిగిందేమీ లేదు. 230 వోల్టుల మీద 2000 వాట్ల హీటర్ దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. '10 ఆంపియర్లు' అని రాసి ఉన్న చిన్న నీలం రిలేను గంటల తరబడి అంత లోడ్ మీద నేనైతే నమ్మను. ఆ రిలేతో కాంటాక్టర్‌ను (పెద్ద లోడ్లకు వాడే రిలే లాంటి స్విచ్) నడిపి, హీటర్ లోడ్‌ను కాంటాక్టర్ మీద వేయండి. హీటర్‌లోని ఓవర్‌హీట్ కటాఫ్‌ను తీసేయకండి. అది లేకపోతే సరైన రేటింగ్ ఉన్న బైమెటల్ కటాఫ్‌ను సిరీస్‌లో పెట్టించండి. మెయిన్స్ వైరింగ్ ఎలక్ట్రీషియన్ చేతికే ఇవ్వండి.

ప్రశ్న: ఇదే సర్క్యూట్‌ను పాత ఫ్రిజ్‌కి వాడుకోవచ్చా?

జవాబు: వాడొచ్చు, ఆన్-ఆఫ్ షరతులు తిరగేయాలి. కంప్రెసర్ ఆగిన వెంటనే మళ్లీ స్టార్ట్ చేస్తే లోపలి ప్రెషర్ తగ్గక మోటార్ తిరగలేక వేడెక్కుతుంది. కనీసం 5 నిమిషాల విరామం ఇవ్వండి. కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా ఈ విరామం పాటించేలా కోడ్‌లో బోర్డు ఆన్ కాగానే నడిచే సెటప్ భాగంలోనే టైమర్ మొదలుపెట్టండి.