డెడ్‌లిఫ్ట్ చేస్తే నడుము పట్టేస్తోంది, మెషీన్లకే పరిమితం కావాలా?

చిత్తూరులో మూడు నెలలుగా జిమ్‌కు వెళ్తున్నాననీ, డెడ్‌లిఫ్ట్ (నేల మీద ఉన్న బరువుల బార్‌ను, అంటే ప్లేట్లు తగిలించిన ఇనుప కడ్డీని, వంగి పట్టుకుని నిటారుగా లేచే వ్యాయామం) చేసిన మరునాడు నడుము కింది భాగం పట్టేస్తోందనీ, ట్రైనర్ మెషీన్ల మీదే చేసుకొమ్మంటే స్నేహితులు మాత్రం బార్ ఎత్తనిదే బలం రాదంటున్నారనీ మీరు రాశారు. నేను తిరుపతిలో తొమ్మిదేళ్లుగా బరువులు ఎత్తుతున్నాను. మొదటి ఏడాదిలోనే ఇదే నొప్పి తెచ్చుకుని ఆరు వారాలు బార్ జోలికి వెళ్లలేకపోయాను కాబట్టి, నాకు తెలిసినంతవరకు వివరంగా చెబుతాను. అయితే నొప్పి నడుము దగ్గర ఆగకుండా పిరుదు మీదుగా కాలిలోకి దిగుతున్నా, పాదంలో తిమ్మిరి ఉన్నా, ముందు ఎముకల డాక్టరుకు చూపించుకోండి. ఆ తర్వాతే ఇది చదవండి.

మీరు తుంటి దగ్గర వంగవలసినప్పుడు నడుము దగ్గర వంగుతున్నారని నా అనుమానం. నాకు జరిగింది అదే. బైరాగిపట్టెడలోని ఒక జిమ్‌లో 20 కిలోల బార్‌కు రెండు వైపులా 30 కిలోల చొప్పున ప్లేట్లు వేసి, మొత్తం 80 కిలోలు ఎత్తబోయాను. బార్ నా కాళ్లకు జానెడు దూరంలో ఉంది. లాగడం మొదలుపెట్టగానే బరువు ఇంకా నేల మీద ఉండగానే పిరుదులు పైకి లేచాయి, వీపు గూనిలా వంగిపోయింది. నాలుగోసారి లేపుతున్నప్పుడు నడుములో ఏదో పుటుక్కుమన్నట్టయింది. ఆ రాత్రి మంచం మీద పక్కకు ఒత్తిగిలాలన్నా గోడ పట్టుకోవలసి వచ్చింది. నిండు బిందెను చంకన పెట్టుకుని వీధి చివర నుంచి ఇంటిదాకా మోసుకురాగలం గానీ, అదే బిందెను చేతులు చాచి పట్టుకుని పది అడుగులు వేయలేం. బార్ ఒంటికి దూరమైన కొద్దీ వెన్ను మీద భారం అలాగే పెరుగుతుంది.

నన్ను బాగుచేసింది ఇంట్లో బూజు దులిపే కర్ర. దాన్ని వీపు వెనుక నిలువుగా పట్టుకుని, తల వెనుక భాగం, రెక్క ఎముకల మధ్య భాగం, వెన్ను చివరి ఎముక, ఈ మూడూ కర్రకు తగిలేలా నిలబడండి. మోకాళ్లను కొద్దిగా సడలించి, వెనుక ఉన్న తలుపును పిరుదులతో మూస్తున్నట్టుగా తుంటిని వెనక్కి నెట్టుతూ వంగండి. మూడింటిలో ఏ ఒక్కటి కర్రను విడిచినా వీపు వంగిందనే అర్థం. సరిగ్గా వంగితే తొడల వెనుక కండరాలు తాడు బిగించినట్టు లాగుతాయి, నడుముకు ఏమీ తెలియదు. నేను రోజూ సాయంత్రం ఇరవై సార్ల చొప్పున రెండు వారాలు ఇదొక్కటే చేశాను. ఇంట్లో నీళ్ల క్యాన్‌ను కూడా అప్పటి నుంచి ఇదే పద్ధతిలో లేపుతున్నాను. 20 లీటర్ల క్యాన్ ఇంచుమించు ఖాళీ బార్ అంత బరువు ఉంటుంది, దానికీ ఇదే నియమం వర్తిస్తుంది.

బార్ దగ్గరకు వెళ్లినప్పుడు అది పాదాల మధ్య భాగానికి సరిగ్గా పైన, కాలి ముందు ఎముకకు రెండు వేళ్ల దూరంలో ఉండాలి. చంకల్లో పెట్టిన కాగితం జారిపోకుండా నొక్కి పట్టినట్టు చేతులను ఒంటికి బిగించండి. పొట్ట నిండా గాలి పీల్చి, ఎవరో గుద్దబోతున్నట్టు పొట్టను గట్టిపరచి, నేలను పాదాలతో కిందికి తొక్కుతున్నట్టుగా లేవండి. రక్తపోటు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా ఇలా ఊపిరి బిగబట్టకూడదు. దించేటప్పుడు ముందు తుంటిని వెనక్కి పంపి, బార్ మోకాళ్లు దాటాకే మోకాళ్లను మడవాలి. చాలామంది ఎత్తేటప్పుడు చూపిన జాగ్రత్తను దించేటప్పుడు వదిలేస్తారు.

మన ఊళ్ల జిమ్‌లలో ఎవరూ పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. పోటీలలో వాడే పెద్ద ప్లేటు వ్యాసం 45 సెంటీమీటర్లు కాబట్టి, అది వేసిన బార్ నేలకు 22.5 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. కొత్తగా వచ్చినవారికి 5 కిలోల, 10 కిలోల చిన్న ఇనుప ప్లేట్లు వేసి ఇస్తారు. దాంతో బార్ ఇంకా కిందికి దిగిపోతుంది, తక్కువ బరువు ఎత్తే మనిషి ఎక్కువ వంగవలసి వస్తుంది. రెండు వైపులా కింద దిమ్మెలు గానీ, పడుకోబెట్టిన ప్లేట్లు గానీ పెట్టి బార్‌ను ఆ ఎత్తుకు తెచ్చుకోండి. నేను ఆ మార్పు చేసుకున్న వారంలోనే నా వీపు వంగడం సగానికి సగం తగ్గింది.

2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో (ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల మీదికి, తర్వాత తలపైకి ఎత్తడం) 130 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఆ వీడియో చూసేటప్పుడు బార్ ఆమె ఒంటికి ఎంత దగ్గరగా పైకి వస్తుందో గమనించండి.

ఇక మెషీన్ల విషయం. బరువు నడిచే దారిని మెషీన్ ముందే నిర్ణయిస్తుంది కాబట్టి కొత్తవారికి అది మేలే. కానీ ఆ దారి మీ ఒంటికి సరిపోయేలా సీటును మీరే సర్దుకోవాలి. లెగ్ ఎక్స్‌టెన్షన్‌లో (కూర్చుని మోకాళ్లు చాచి బరువు లేపేది) మెషీన్ తిరిగే ఇరుసు మీ మోకాలి కీలుకు ఎదురుగా ఉండాలి. లెగ్ ప్రెస్‌లో (సీటులో వాలి పాదాలతో బరువును నెట్టేది) మోకాళ్లను ఛాతీ దాకా తెస్తే పిరుదులు సీటు నుంచి లేచి నడుము వంగుతుంది, అంటే మీరు తప్పించుకోవాలనుకున్న తప్పే అక్కడ ఇంకా పెద్ద బరువు కింద జరుగుతుంది. పిరుదులు లేవబోయే చోటే ఆగండి, కాళ్లు చాచినప్పుడు మోకాళ్లను పూర్తిగా బిగించేయకండి. లాట్ పుల్‌డౌన్‌లో (పైనుంచి వేలాడే కడ్డీని కిందికి లాగేది) కడ్డీని మెడ వెనక్కి కాక ఛాతీ పైభాగానికి లాగండి. బెంచ్ ప్రెస్‌లో (బల్ల మీద పడుకుని బార్‌ను ఛాతీ మీద నుంచి పైకి నెట్టేది) బొటనవేలు బార్ చుట్టూ ఉండాలి, మోచేతులు మరీ పక్కలకు పోకూడదు.

మీ స్థానంలో నేనైతే నాలుగు వారాలు కాళ్లకు లెగ్ ప్రెస్ చేస్తూ, కర్రతో వంగడం నేర్చుకుని, తర్వాత 12 కిలోల డంబెల్‌ను రెండు చేతులతో పట్టుకుని అదే కదలికను చేసి, ఆపైన దిమ్మెల మీద ఖాళీ బార్‌తో మొదలుపెడతాను. నొప్పి లేకుండా వారం గడిచాకే 2.5 కిలోలో, 5 కిలోలో పెంచుతాను. అలిపిరి దారిలో కొండకు నడిచి వెళ్లిన మరునాడు మాత్రం డెడ్‌లిఫ్ట్ పెట్టుకోవద్దు, 3,550 మెట్లు ఎక్కి అలసిన తొడలు చేయలేని పనిని నడుము చేయబోతుంది. ప్రతి వారం ఒక సెట్‌ను (ఆగకుండా వరుసగా ఎత్తే కొన్నిసార్లను) పక్క నుంచి, తుంటి ఎత్తులో ఫోన్ పెట్టి వీడియో తీసుకోండి. బార్ పాదం మధ్య నుంచి నిటారుగా లేస్తోందా, పిరుదులూ భుజాలూ కలిసి లేస్తున్నాయా అన్న రెండే చూడండి. పిరుదులు ముందు లేస్తుంటే ఆ రోజుకు ప్లేట్లు తీసేయండి.