ఇంట్లో ఒక్కటే ల్యాప్‌టాప్... లైనక్స్ నేర్చుకునేదెలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కంప్యూటర్స్ రెండో ఏడాది. లైనక్స్ వస్తే క్లౌడ్ ఉద్యోగాలు దొరుకుతాయని సీనియర్లు చెప్పారట, ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకుంటానంటోంది. ఇంట్లో ఉన్నది అదొక్కటే, 8 జీబీ ర్యామ్. మా కొట్టు లెక్కలన్నీ అందులోని ట్యాలీలోనే ఉన్నాయి. అవి పోతాయేమోనని భయంగా ఉంది. అమీర్‌పేటలో ఏదైనా కోర్సులో చేర్పించమంటారా?
– ఒక తండ్రి, విజయనగరం

జవాబు: కోర్సు సంగతి తర్వాత చూద్దాం. లైనక్స్ అంటే విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్, ఉబుంటు అందులో ఒక రకం. ముందు అమ్మాయిని దాన్ని వేసుకోనివ్వండి. కాకపోతే ల్యాప్‌టాప్ మీద నేరుగా వద్దు, వర్చువల్ మెషీన్‌లో వేసుకోమనండి.

మీ భయంలో న్యాయం ఉంది. విండోస్ పక్కనే లైనక్స్ పెట్టే డ్యూయల్ బూట్ పద్ధతిలో హార్డ్‌డిస్క్‌ను విడగొట్టాలి. అక్కడ ఒక్క ఆప్షన్ తప్పు నొక్కితే విండోస్‌తో పాటు మీ లెక్కలూ పోతాయి. వర్చువల్ మెషీన్‌ను నడిపే వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రామ్‌తో ఆ ప్రమాదం లేదు. మామూలు ప్రోగ్రామ్‌లా విండోస్‌లో వేసుకుంటే, అది ఒక విండోలో ఇంకో కంప్యూటర్‌ను నడిపిస్తుంది. ఆ కంప్యూటర్‌కు హార్డ్‌డిస్క్‌గా కనిపించేది నిజానికి మీ ల్యాప్‌టాప్‌లోని ఒక ఫైలు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్క్ మొత్తం చెరిపేయమంటారా అని అడుగుతుంది. చాలామంది పిల్లలు అక్కడే జంకి ఆపేస్తారు. చెరిగేది ఆ ఫైలు లోపలి ఖాళీ జాగానే. అయినా సరే, ఈ రాత్రే ట్యాలీ బ్యాకప్ ఒకటి పెన్‌డ్రైవ్‌లోకి తీసి పెట్టుకోండి. లైనక్స్ వేసినా వేయకున్నా, వ్యాపారం లెక్కలు ఒకే యంత్రంలో ఉండకూడదు.

వర్చువల్‌బాక్స్ ఇప్పుడు ఒరాకిల్ సంస్థది. అసలు ప్రోగ్రామ్ ఓపెన్ సోర్స్, పైసా కట్టక్కర్లేదు. ఎక్స్‌టెన్షన్ ప్యాక్ అని ఇంకోటి కనిపిస్తుంది. దాని లైసెన్స్ వేరు, అమ్మాయికి దాని అవసరమూ లేదు.

8 జీబీ సరిపోతుంది కానీ సర్దుకోవాలి. ఉబుంటు డెస్క్‌టాప్ 24.04కు కనీసం 4 జీబీ ర్యామ్, 25 జీబీ డిస్క్ కావాలి. సగం ర్యామ్ దానికే ఇచ్చేస్తే విండోస్ ఈడ్చుకుంటూ నడుస్తుంది. అందుకే నేనైతే లుబుంటు వేసుకోమంటాను. లోపల ఉన్నది ఉబుంటే, డెస్క్‌టాప్ మాత్రం తేలికైనది. 3 జీబీ ర్యామ్, రెండు ప్రాసెసర్లు, 25 జీబీ డిస్క్ ఇస్తే హాయిగా పనిచేస్తుంది. డిస్క్‌ను డైనమిక్‌గా పెడితే వాడినంత మేరకే ఆ ఫైలు పెరుగుతుంది.

మొదలుపెట్టే ముందు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ కింద సీపీయూ చూడమనండి. వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ అని ఉంటే సరే. లేకపోతే బయోస్‌లోకి, అంటే విండోస్ లేవకముందు కనిపించే సెట్టింగుల్లోకి వెళ్లి ఆన్ చేయాలి. దానికి ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) రికవరీ కీ ఎక్కడుందో చూసి రాసి పెట్టుకోండి. బయోస్‌లో మార్పు జరిగాక విండోస్ ఆ కీ అడిగే అవకాశం ఉంది, అప్పుడు వెతుక్కోవడం నరకం. ఇంకొక్క చిక్కు. వర్చువల్‌బాక్స్ 7 నుంచి, లైనక్స్ ఇన్‌స్టాలర్ ఉండే ఐఎస్ఓ ఫైలు ఎంచుకోగానే అన్నీ తానే ఇన్‌స్టాల్ చేస్తానంటుంది. అలా వదిలేస్తే అది సృష్టించిన యూజర్‌కు అడ్మిన్ హక్కులు లేక, అడ్మిన్‌గా పనులు చేయించే సుడో కమాండ్ పనిచేయక పిల్లలు తల పట్టుకుంటున్నారు. అన్‌అటెండెడ్ ఇన్‌స్టలేషన్ వద్దని ఎంచుకుని, ప్రతి స్క్రీనూ స్వయంగా చదువుతూ ముందుకెళ్లమనండి. నేర్చుకునేది అక్కడే కదా.

ఇన్‌స్టాల్ చేయడం ఒక్క సాయంత్రం పని. దానికే ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ఆ తర్వాత దాన్ని చెడగొట్టి, మళ్లీ బాగుచేసుకోవడంలోనే అసలు చదువుంది. ముందు స్నాప్‌షాట్ తీసుకోవాలి. అంటే మెషీన్ ఆ క్షణంలో ఎలా ఉందో భద్రపరచడం, ఏం జరిగినా మళ్లీ అక్కడికి రావచ్చు. తర్వాత వర్చువల్‌బాక్స్‌లో ఇంకో 5 జీబీ డిస్క్ తగిలించి, ఫార్మాట్ చేసి, మౌంట్ చేయమనండి, అంటే వాడకానికి సిస్టమ్‌లో కలపమనండి. ఏ డిస్క్‌ను ఎక్కడ మౌంట్ చేయాలో రాసి ఉండే ఎఫ్ఎస్ట్యాబ్ ఫైలులో కావాలనే ఒక అక్షరం తప్పు రాసి రీస్టార్ట్ చేయమనండి. మెషీన్ మామూలుగా లేవదు, ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. అక్కడి నుంచి, స్నాప్‌షాట్ జోలికి పోకుండా, ఎర్రర్ చదివి తానే బయటపడిన రోజు అమ్మాయి ముఖం చూడండి. డిస్క్ నింపేసి ఏ ఫోల్డర్ మింగేసిందో వెతకడం, ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ పెట్టి దాని కాన్ఫిగరేషన్ పాడుచేసి లాగ్‌లు చదవడం, ఇవన్నీ అదే కోవలోవి. క్లౌడ్ సపోర్ట్, లైనక్స్ అడ్మిన్ ఇంటర్వ్యూల్లో ప్రశ్నలు ఇక్కడి నుంచే వస్తాయి. చేసిన ప్రతి పనినీ తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకోమనండి. ఫ్రెషర్‌కు అనుభవం అని చూపించుకోవడానికి ఉండేది అదే.

విండోస్ లోపలే లైనక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్ ఉంది కదా అని ఎవరైనా అనొచ్చు. మంచిదే, కమాండ్లకు సులువు. కానీ ఇన్‌స్టలేషన్, పార్టిషన్లు, బూట్ ప్రక్రియ అందులో చేతికి రావు. మొదటి ఏడాదికి వర్చువల్ మెషీనే మేలు.

ఇక కోర్సు. మూణ్నెల్లు ఇలా చేశాక కూడా ఆసక్తి నిలిస్తే లైనక్స్ సంస్థ రెడ్‌హ్యాట్ ఇచ్చే అడ్మిన్ సర్టిఫికెట్ ఆర్‌హెచ్‌సీఎస్ఏ గురించి ఆలోచించండి. ఆ పరీక్షలో ఆబ్జెక్టివ్ ప్రశ్నలుండవు, నిజం మెషీన్ ముందు కూర్చోబెట్టి పనులు చేయమంటారు. ఇంట్లో తడబడి లేచిన పిల్లలకే అది అందుతుంది. దానికి సాధనగా, రెడ్‌హ్యాట్ లైనక్స్‌లాగే పనిచేసే రాకీ లైనక్స్ గానీ ఆల్మా లైనక్స్ గానీ రెండో మెషీన్‌గా వేసుకోవచ్చు, రెండూ ఉచితమే. ఫీజు కట్టే ముందు ఇన్‌స్టిట్యూట్‌ను రెండు విషయాలు అడగండి: ఏ డిస్ట్రిబ్యూషన్ (లైనక్స్ రకం) మీద నేర్పుతారు? ప్రతి విద్యార్థికీ సొంతంగా మెషీన్ ఇస్తారా, లేక ప్రొజెక్టర్ మీద చూపిస్తారా? సెంట్‌ఓఎస్ 7 అని చెబితే అక్కడ చేర్పించకండి. దాని సపోర్ట్ 2024 జూన్ 30తోనే ముగిసింది.