తలకు దెబ్బ తగిలి ఫిట్స్ వస్తున్న భర్తతో ఎలా నెగ్గుకురావాలి? నా భార్యను చూసుకున్న అనుభవం నుండి ఒక జవాబు

మీ భర్తకు బైకు ప్రమాదంలో తలకు బలమైన దెబ్బ తగిలిందని, నాలుగు నెలల తరువాత ఫిట్స్ మొదలయ్యాయని, ఎన్నడూ గొంతు పెంచని మనిషి ఇప్పుడు చిన్న మాటకే కంచం విసిరేస్తున్నారని, మరునాడు అడిగితే తనకేమీ గుర్తు లేదంటున్నారని, ఆయనను బండి నడపనివ్వాలా వద్దా కూడా తెలియడం లేదని రాశారు. నేను వైద్యుణ్ణి కాను. 2018లో నా భార్యకు ఇటువంటిదే జరిగింది. సామర్లకోటలో పెళ్లి చూసుకొని తిరిగి వస్తుండగా ఆమె చీర కొంగు వెనుక చక్రంలో చుట్టుకొని రోడ్డు మీద పడిపోయింది. బండి నడిపినది నేను. నా తలకు హెల్మెట్ ఉంది, ఆమె తలకు లేదు. ఈ మాట ముందే చెప్పడం మంచిదనుకున్నాను, ఎందుకంటే ఆ తరువాత చాలాకాలం నేను చేసిన పొరపాట్లన్నీ ఈ అపరాధభావం నుండి పుట్టినవే.

స్పృహ ఎంత ఉందో కొలిచే గ్లాస్గో లెక్కలో 15 పూర్తి మెలకువ, 3 అతి తక్కువ. ఆమెకు 8 అన్నారు. మెదడు వాపుకు చోటివ్వడానికి పుర్రె ఎముకలో ఒక ముక్క తీసి, దానిని పొట్ట చర్మం కింద భద్రపరచి, మూడు నెలల తరువాత మళ్ళీ అమర్చారు. ఇంటికి పంపేటప్పుడు కుట్లను ఎలా చూసుకోవాలో చెప్పారు, ఎముక లేని వైపు ఒత్తిడి పడకుండా పడుకోబెట్టమన్నారు. ఇటువంటి దెబ్బ తరువాత నెలలు, ఒక్కోసారి ఏళ్ళు గడిచాక కూడా మూర్ఛ, అంటే ఈ ఫిట్స్ జబ్బు, మొదలుకావచ్చునని మాత్రం ఎవరూ చెప్పలేదు. మెదడులో గాయం మానిన చోట మిగిలిన మచ్చ చుట్టూ ఉన్న కణాలు అదుపు తప్పి ఒక్కసారిగా విద్యుత్తును విడుదల చేయడం వల్ల ఇలా జరుగుతుందని తరువాత తెలుసుకున్నాను. ఆస్పత్రిలో మొదటి వారం ఫిట్స్ రాకుండా ఇచ్చే మందు ఆ తొలి రోజులకే పనికివస్తుంది తప్ప, తరువాత రాబోయే మూర్ఛను ఆపలేదు.

ముందు మీరు అడిగిన కోపం సంగతి చెబుతాను. మీ ఆయన వాడుతున్న మందు పేరు చూడండి. అది లెవిటిరాసెటం అయితే, అది చాలామందికి బాగా పనిచేసే మందే అయినా, కొందరిలో చిరాకును, కోపాన్ని, దిగులును పెంచుతుంది. నా భార్య ఆ మాత్ర మొదలుపెట్టిన మూడో వారంలో నా చేతిలోని గ్లాసును నేలకేసి కొట్టింది. దెబ్బ వల్ల ఆమె స్వభావమే మారిపోయిందని, ఇక మిగిలిన జీవితమంతా ఇంతేనని నాలుగు నెలలు మౌనంగా భరించాను. ఒకరోజు మందుల చీటీనీ నేను రాసుకున్న పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, మోతాదు పెంచిన రెండు సార్లూ గొడవలు పెరిగిన తేదీలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. న్యూరాలజిస్టు అది చూసి ఆ మందును మెల్లమెల్లగా తగ్గిస్తూ, ఇంకొకదానిని మెల్లమెల్లగా పెంచారు. కోపం మొత్తం పోలేదు, కానీ సగానికి సగం తగ్గింది. దయచేసి ఇది చదివి మీరే మాత్ర ఆపివేయవద్దు. మూర్ఛ మందు ఒక్కసారిగా మానితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది, అది ప్రాణం మీదికి వస్తుంది.

మిగిలిన సగం కోపం దెబ్బదే. నుదుటి వెనుక ఉండే మెదడు భాగం మన ఉద్రేకాలకు కళ్ళెం వంటిది. అది దెబ్బ తిన్నప్పుడు మనిషికి కోపం రావడమే కాక, తనకు కోపం వచ్చిందన్న గ్రహింపు కూడా తగ్గుతుంది. అందుకే మీ ఆయన గుర్తు లేదన్నప్పుడు అబద్ధం చెబుతున్నారని అనుకోకండి. నేను ఆ తప్పు చేశాను. మరునాడు కూర్చోబెట్టి, నువ్వు ఇలా అన్నావు, అలా చేశావు అని సాక్ష్యాలు చూపించేవాణ్ణి. ఆమె బిక్కమొహం వేసేది, అంతకు మించి ఏ ఫలితమూ లేదు. తరువాత గమనిస్తే, ఆమె కోపానికి ముందు దాదాపు ప్రతిసారీ అలసట ఉండేది. ఇంటికి నలుగురు చుట్టాలు రావడం, టీవీ మోగుతుండగా మిక్సీ వేయడం, ఒకేసారి ఇద్దరు మాట్లాడడం, ఇవన్నీ మనకు మామూలు చప్పుళ్ళే కాని, గాయపడిన మెదడుకు బస్తాల మోత. మధ్యాహ్నం గంటసేపు చీకటి గదిలో పడుకోవడాన్ని నియమంగా పెట్టుకున్నాము. పరామర్శకు వచ్చేవారిని ఇద్దరికి మించి లోపలికి రానివ్వలేదు. దానికి చుట్టాలలో కొందరు నొచ్చుకున్నారు, ఇప్పటికీ మాట్లాడని వారు ఉన్నారు. నేను దానికి చింతించడం లేదు.

కానీ ఒక్క మాట. ఆయనకు దెబ్బ తగిలిందన్న కారణంతో మీ మీద చెయ్యి పడడాన్ని మీరు ఓర్చుకోవలసిన పని లేదు. గొంతు పెరిగినప్పుడు వాదించకుండా పిల్లలను తీసుకొని పక్క గదికి వెళ్ళండి, ఆయన అన్నదమ్ములలో ఒకరికి ముందే విషయం చెప్పి ఉంచండి, వైద్యునికి దాచకుండా చెప్పండి. పరువు కోసం దాచిన విషయానికి మందు మార్చడం ఎవరి వల్లా కాదు.

ఇక ఫిట్స్. నా భార్యకు మొదటిసారి అయిదో నెలలో వంటింట్లో చింతపండు పిసుకుతుండగా వచ్చింది. ఇరుగుపొరుగువారు పరుగున వచ్చి చేతిలో తాళాలగుత్తి పెట్టారు, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టారు. నాలుక కొరుక్కుంటుందన్న భయంతో నేను పళ్ళ మధ్యకు చెంచా దూర్చాను. ఆమె ముందుపన్ను విరిగింది. మూర్ఛ తగ్గినది ఇనుము వల్ల కాదు, దాని సమయం ముగిసింది కనుక తగ్గింది. చేయవలసినది చాలా కొద్ది: చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తీసివేసి, తల కింద మెత్తని గుడ్డ పెట్టి, చొంగ బయటికి కారేటట్లు పక్కకు తిప్పి, గడియారం చూడాలి. గట్టిగా పట్టుకోకూడదు, నోట్లో ఏదీ పెట్టకూడదు, పూర్తిగా తెలివి వచ్చేవరకు నీళ్ళు తాగించకూడదు. 5 నిమిషాలు దాటినా, ఒకటి ముగిసి తెలివి రాకముందే రెండోది వచ్చినా, తలకు మళ్ళీ దెబ్బ తగిలినా 108కి ఫోన్ చేయాలి. ముక్కులో కొట్టే మిడాజోలం స్ప్రే ఇంట్లో ఉంచుకోవచ్చా, ఎప్పుడు ఎంత వాడాలి అని మీ వైద్యుణ్ణి అడిగి రాయించుకోండి. మా అలమారలో అది మందుల పెట్టెకు పైన, అందరికీ కనబడేచోట ఉంటుంది.

పెద్ద ఫిట్స్ ఎవరికైనా కనబడతాయి. చిన్నవాటిని నేను ఏడాదిపాటు పోల్చుకోలేకపోయాను. మాట మధ్యలో ఆగి శూన్యంలోకి చూస్తూ, ఏదో నములుతున్నట్లు పెదవులు కదుపుతూ, కొంగు అంచును వేళ్ళతో లాగుతూ ఒక నిమిషం ఉండేది. పిలిస్తే పలికేది కాదు. నన్ను పట్టించుకోవడం లేదని కష్టపెట్టుకున్నాను. చివరికి మా అమ్మాయి ఫోనులో వీడియో తీసి చూపించగానే డాక్టరుగారు అవి కూడా మూర్ఛలేనని చెప్పారు. మెదడులోని విద్యుత్తును గీతలుగా చూపే ఈఈజీ పరీక్ష తీసినప్పుడు అంతా మామూలుగా కనబడినా మూర్ఛ లేదని కాదనీ చెప్పారు. మీ ఆయన గుర్తు లేదన్న సందర్భాలలో ఇటువంటివి ఏమైనా ఉన్నాయేమో గమనించండి, వీలైతే వీడియో తీయండి.

ఫిట్స్‌ను పిలిచి తెచ్చేవి మా ఇంట్లో రెండే తేలాయి: మాత్ర తప్పడం, నిద్ర తప్పడం. 2020 శివరాత్రికి ఆమె పట్టుబట్టి ఉపవాసముండి జాగారం చేసింది. మరునాడు ఉదయం రెండు సార్లు వచ్చాయి. అప్పటి నుండి ఆ రాత్రి దీపం వెలిగించి, ఆమె తరఫున నేను మేలుకొని ఉంటున్నాను. కార్తికమాసంలో గోదావరి మునకకు బదులు మెట్టు మీద కూర్చొని చెంబుతో స్నానం చేస్తుంది, పక్కన ఇద్దరం ఉంటాము. ఇంట్లో స్నానాలగది గడియ తీసివేశాము. మీ ఆయనకు మద్యం అలవాటు ఉంటే అది కూడా పూర్తిగా మానవలసిందే.

బండి విషయంలో మీరు మెత్తబడవద్దు. మన దేశంలో డ్రైవింగ్ లైసెన్సుకు ఇచ్చే ఫారం 1లో మూర్ఛ గాని, హఠాత్తుగా స్పృహ తప్పడం గాని ఉన్నాయా అన్నదే మొదట్లో వచ్చే ప్రశ్నలలో ఒకటి. కాని తాళం మీరు దాచితే మీరు శత్రువులవుతారు. వైద్యుని నోట చెప్పించండి.

ఇంత జాగ్రత్త చెప్పిన నేను, జాగ్రత్త వల్లనే ఆమెకు ఎక్కువ నష్టం చేశాను. మొదటి ఏడాది రాత్రిళ్ళు ఆమె మణికట్టుకు ఒక దారం కట్టి రెండో కొస నా చేతికి కట్టుకొనేవాణ్ణి. ఆమె ఒత్తిగిలినప్పుడల్లా లేచేవాణ్ణి. పగలు ఆమె మాట వెతుక్కుంటుంటే నేనే అందించేవాణ్ణి, కూరగాయలవాడితో బేరం నేనే ఆడేవాణ్ణి, జడ కూడా నేనే వేసేవాణ్ణి. స్పీచ్ థెరపీ నేర్పే అమ్మాయి ఒకరోజు నన్ను బయటికి పంపి, మీరు ఉన్నంతసేపూ ఆమె ప్రయత్నించడం లేదని సూటిగా చెప్పింది. మాట కోసం ఆమె పది సెకన్లు తడుముకుంటే పది సెకన్లూ ఊరుకోవడం నేర్చుకోవడానికి నాకు నెలలు పట్టింది. మెదడు మరమ్మత్తు ఆ తడుములాటలోనే జరుగుతుంది. మొదటి ఆరు నెలలలో మెరుగుదల వేగంగా ఉంటుంది, తరువాత నెమ్మదిస్తుంది, కానీ ఆగిపోదు. మూడో ఏట కూడా ఆమెకు కొత్త పనులు వచ్చాయి. దారాన్ని ఆమే ఒక రాత్రి విప్పి, మీరు నిద్రపోకపోతే పొద్దున్నే నాకు మాత్రలు ఎవరిస్తారని అడిగింది.

ఆమె ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయిని. చిన్ననాటి పద్యాలు తడుముకోకుండా అప్పజెప్పేది, పొద్దున ఏమి తిన్నదో చెప్పలేకపోయేది. పాత జ్ఞాపకాలు నిలిచి, కొత్తవి నిలవకపోవడం ఇటువంటి గాయాలలో తరచుగా జరిగేదే. రాజీనామా చేయించమని అందరూ అన్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వోద్యోగిని ఆ కారణంతో తొలగించడానికి గాని, హోదా తగ్గించడానికి గాని వీలు లేదు. మీ ఆయనది ప్రభుత్వోద్యోగమైతే తొందరపడి ఏ కాగితం మీదా సంతకం పెట్టనివ్వకండి. ఆమె మొదట రోజుకు రెండు పీరియడ్లతో మొదలుపెట్టింది. తనకు తరగతిలో మూర్ఛ వస్తే ఏమి చేయాలో తొమ్మిదో తరగతి పిల్లలకు తానే బోర్డు మీద రాసి చెప్పింది. రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ పిల్లలు పక్కకు తిప్పి, గడియారం చూసి, సమయం ఒక చీటీ మీద రాసి ఇచ్చారు.

మూర్ఛ ఉన్న ఆడమనిషితో కాపురమేమిటని నాతో అన్నవారు కూడా ఉన్నారు. హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అడ్డుగా ఒకప్పుడు మూర్ఛ పేరు ఉండేది, 1999లో దానిని తీసివేశారు. మనుషుల నోళ్ళలో నుండి ఇంకా పోలేదు. మీతో ఎవరైనా ఆ దారిలో మాట్లాడితే ఆయన వినేచోట మాట్లాడనివ్వకండి.

ఆయనను కనిపెట్టుకొని ఉండడంలో మీకు నిద్ర కరవైందని కూడా రాశారు. మీ అత్తగారో, మీ అన్నయ్యో వారానికి ఒక రాత్రి ఆయన దగ్గర పడుకొనేటట్లు ఏర్పాటు చేసుకోండి. మనసు మరీ కుంగినప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయకేంద్రం టెలిమానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఈసారి ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు ఒక నోటు పుస్తకంలో ఈ రెండు వారాల మాత్రల వేళలు, నిద్ర, కోపం వచ్చిన రోజులు, ఫిట్స్ ఎన్ని నిమిషాలు ఉన్నాయో రాసి పట్టుకెళ్ళండి. గదిలోకి వెళ్ళాక ముందు ఆయననే చెప్పనివ్వండి, ఎంతసేపు పట్టినా సరే. ఆయన ముగించిన తరువాత పుస్తకం తెరవండి.