1920ల్లో జర్మనీలో ఫ్లాష్ లేకుండా నాటకాల ఫొటోలు ఎలా తీసేవాళ్లు?

స్టేజి లైట్ల వెలుతురుతోనే తీసేవాళ్లు, 1924లో డ్రెస్డెన్‌లోని ఎర్నెమాన్ కంపెనీ ఎర్మనాక్స్ అనే చిన్న కెమెరా తెచ్చాక అది కుదిరింది. దాని ఎఫ్ 2 లెన్స్ చాలా పెద్దది (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే వెలుతురు వచ్చే రంధ్రం అంత పెద్దది), ఎఫ్ 4 లెన్స్ కంటే నాలుగు రెట్లు వెలుతురు లాగుతుంది, కాబట్టి ఫొటో కోసం నటుల్ని కదలకుండా నిలబెట్టాల్సిన పని తగ్గింది. స్పోర్ట్స్‌లోనూ ఇదే లెక్క, పరిగెత్తేవాడు బ్లర్ కాకూడదంటే షట్టర్ చటుక్కున మూసుకోవాలి, ఆ కాస్త టైమ్‌లోనే సరిపడా వెలుతురు రావాలి. జర్మన్ ప్రెస్ ఫొటోగ్రాఫర్ ఎరిక్ సాలొమన్ అయితే 1928లో కోర్టు హాల్లో ఈ కెమెరాని టోపీలో దాచి మరీ తీశాడు, అదీ దీని సత్తా. చాలామంది ఇదంతా లైకా అనే మరో చిన్న జర్మన్ కెమెరాతోనే మొదలైందనుకుంటారు, కాదండీ, 1925 లైకా లెన్స్ ఎఫ్ 3.5 మాత్రమే. లైకా గొప్పదనం రోల్ ఫిల్మ్‌తో వరసగా తీయడంలో ఉంది, ఎర్మనాక్స్‌లో ఒక్కో ఫొటోకి ఒక్కో గాజు ప్లేట్ మార్చాలి.